జ్యోతి ఇక్కడ ఉండదు

"ఎందుకు జెప్పినవ్? నోరు తెరువు. గట్ల ఎందుకు జెప్పినవ్?"

కనకమ్మ మూడోసారి అడిగింది. రాజయ్య గోడకు ఆనుకుని కూర్చుని బూటు లేసు విప్పుతున్నాడు. ఒక కాలిది విప్పాడు. రెండో కాలు అట్లాగే ఉంది.

కోడలు జ్యోతి గడప దగ్గర నిలబడి ఉంది. లోపలికి రాలేదు. ట్రైనింగు సెంటరు వాళ్లు ఇచ్చిన నీలం చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. చేతిలో ఫోను ఉంది. ఆ ఫోనులో వచ్చిన మూడు ముక్కల గురించే ఈ లొల్లి.

'చిరునామాలో నివాసం లేదు.'

పోలీసు విచారణలో జ్యోతి పేరు ఎదురుగా అట్లా రాసి వచ్చింది.

ఆరు నెలలు ఆమె కారు నడపడం నేర్చుకుంది. బ్యాచిలో పన్నెండు మంది ఆడవాళ్లు. పదకొండు మందికి ఆ రోజు పొద్దున ఉద్యోగం కాగితాలు చేతికి ఇచ్చారు. ఆఫీసులో పనిచేసే ఆడపిల్లలను ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆఫీసులో దింపే కార్లు. సోమవారం నుంచి నడపాలి. జ్యోతిని మాత్రం పక్కకు పిలిచి ఈ ముక్కలు చూపించారు.

"పోలీసాయన వచ్చిండు," అన్నాడు రాజయ్య చివరికి. "జ్యోతి అనే ఆమె ఇక్కడ ఉంటదా అన్నడు. లేదన్న. అంతే."

"అంతేనా!" కనకమ్మ చేతిలో చీపురు కింద పడేసింది. "ఎర్రటి ఎండల, కోకాపేట గ్రౌండుల ముందటికి ఎన్కకు, ముందటికి ఎన్కకు తిప్పి తిప్పి దాని అరచేతులు బొబ్బలెక్కినయ్. నీకు అంతేనా?"

"ఆదివారం నేను నీకు జెప్పిన మామా," అంది జ్యోతి. గొంతు పెంచలేదు. "పోలీసాయన వస్తడు, భయపడకు, ఉద్యోగం ఇచ్చే ముందు అందరి ఇండ్లకు వస్తరు, అడిగితే ఉంటదని చెప్పు అన్న. నువ్వు అన్నం తింటున్నవ్. తల ఊపినవ్."

"ఊపిన."

"మరి?"

రాజయ్య రెండో బూటు లేసు పట్టుకున్నాడు. ముడి పడింది. దాన్ని గోరుతో లాగుతూ కూర్చున్నాడు.

గదిలో మూలకు కొడుకు శ్రీను పడుకుని ఉన్నాడు. మొహం గోడవైపు. నిద్రో మెలకువో ఎవరికీ తెలియదు. ఏడాదిగా అంతే.

"మొదటిసారి గూడ తలుపు నేనే తీసిన," అన్నాడు రాజయ్య, బూటు వైపే చూస్తూ. "శ్రీను ఉన్నడా అన్నరు. లోపల పండుకున్నడు అన్న. నిజమే జెప్పిన. తోల్కపోయిండ్రు."

కనకమ్మ కింద పడ్డ చీపురు తీసి గోడకు ఆనించింది.

అది రెండేళ్ల కిందటి మాట. శ్రీను ఒక కాంట్రాక్టరు దగ్గర డీసీఎం వ్యాను నడిపేవాడు. ఒకరోజు అతను వేసుకుపోయిన ఇనుప సలాకలు ఆ కాంట్రాక్టరువి కావు. కాంట్రాక్టరు కనిపించకుండా పోయాడు. స్టీరింగు ముందు కూర్చున్నవాడు దొరికాడు. డెబ్బై రెండు రోజులు లోపల ఉండి బెయిలు మీద వచ్చాడు. కేసు నడుస్తూనే ఉంది. అతని లైసెన్సు కోర్టు కాగితాల్లోనే ఉండిపోయింది. వచ్చిన మొదట్లో అప్పుడప్పుడు బయటికి పోయేవాడు. తర్వాత అదీ మానేశాడు. వాయిదా రోజు తప్ప గడప దాటడు.

"కనకక్కా," అని వాకిట్లో పిలుపు. పక్కింటి అంజమ్మ. "రెండు మిరపకాయలు ఉన్నయా?"

"మిరపకాయలు గావాల్నా, ముచ్చట గావాల్నా?" అంది కనకమ్మ.

"గట్లంటవేంది? నేనేమన్న విన్ననా?"

"ఇననోళ్లకు లొల్లి అని ఎట్ల తెల్సింది? పో. మిరపకాయలు రేపు ఇస్త."

అంజమ్మ పోయింది. జ్యోతి ఫోను మోగింది. సెంటరులో నేర్చుకునే ఆడవాళ్ల బాగోగులు చూసే నీహారిక. ఇంట్లో అందరూ వినాలని జ్యోతి స్పీకరు పెట్టింది.

"జ్యోతి గారూ, నేను అడిగానండి వాళ్లని. రేపు సాయంత్రం అయిదింటి లోపల స్టేషను నుంచి సరైన రిపోర్టు రావాలట. మీ ఇంట్లో వాళ్లు ఒకసారి వెళ్లి మాట్లాడితే మారుస్తారేమో కనుక్కోండి."

"మారకుంటే మేడం?"

"మీ కారు వెయిటింగులో ఉన్నావిడకి ఇచ్చేస్తారండి. నా చేతిలో లేదు."

"మళ్ల బ్యాచిల కూసోవచ్చా?"

"కూర్చోవచ్చండి. కానీ ఈ రిపోర్టు ఇలాగే ఉంటే అప్పుడు మాత్రం ఎవరు తీసుకుంటారు చెప్పండి? మీరు బాగా నడుపుతారు. అందుకే చెబుతున్నాను. రేపు ఎలాగైనా చేయించుకోండి."

ఫోను పెట్టేసింది. జ్యోతి లోపలికి వచ్చి మామ ముందు కూర్చుంది.

"మామా, రేపు పొద్దుగాల పోదం. నువ్వు ఒక్క మాట జెప్పు. భయపడి అట్లన్న, కోడలు నా ఇంట్లనే ఉంటది అను. చాలు."

"నేను రాను."

"ఏందీ?" కనకమ్మ మళ్లీ లేచింది. "రాకుంటే ఎట్ల? నీ నోటితో జెడగొట్టినవ్, నీ నోటితోనే బాగు చెయ్యాలె. నా మోకాళ్లు జూసినవా? అపార్టుమెంటుల నాలుగు అంతస్తుల మెట్లు తుడుస్తున్న. ఇంకెన్నేండ్లు తుడువాల్నంటవ్? ఇంట్ల ఒక్కరన్న కూసోని చేసే పని దొరికిందనుకున్న. అదీ నీకు గిట్టలే."

"నేను రాను," అన్నాడు మళ్లీ. "నన్ను తిట్టుండ్రి. కొట్టుండ్రి. ఆ స్టేషనుకు మాత్రం పోవద్దు. నువ్వు గూడ పోకు బిడ్డా. ఇడిచిపెట్టు."

"ఇడిచిపెట్టాల్నా?" జ్యోతి అతని మొహంలోకి చూసింది. "నేను కారు నడుపుడు నీకు మొదటి సంది ఇష్టం లేదు. గదీ సంగతి."

"వద్దని ఎన్నడన్న అన్ననా?"

"మంచిదని గూడ అనలే."

రాజయ్య ముడి విప్పకుండానే బూటు లాగి పక్కన పెట్టాడు.

జ్యోతి గోడవైపు తిరిగి ఉన్న మొగుడి దగ్గరికి పోయింది. "నువ్వన్న జెప్పు మీ నాయనకు. నీ మాట ఇంటడు. మొత్తం ఇంటున్నవ్, నాకు ఎరికే."

శ్రీను దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

ఆ పూట ఎవరూ అన్నం వడ్డించుకోలేదు.

*

తెల్లారి ఆరున్నరకు జ్యోతి తల దువ్వుకుని బయటికి వచ్చేసరికి రాజయ్య వాకిట్లో ఉన్నాడు. వాచ్‌మన్ డ్రెస్సు వేసుకున్నాడు. టోపీ కూడా పెట్టుకున్నాడు.

"డ్యూటీకి పోతున్నవా?"

"మార్చుకున్న. పా."

ఎందుకు మనసు మారిందో చెప్పలేదు. జ్యోతి అడగలేదు. అడిగితే మళ్లీ లోపలికి పోతాడేమోనని భయం.

మదీనాగూడ మెయిన్ రోడ్డు మీద షేరాటో ఎక్కారు. దారిలో ఒక తెల్ల కారు వీళ్ల ఆటోను దాటిపోయింది. స్టీరింగు ముందు నీలం చొక్కా ఆడమనిషి. పాత బ్యాచి అమ్మాయి. జ్యోతిని చూసి చెయ్యి ఊపింది. జ్యోతి ఊపలేదు.

స్టేషను గేటు దగ్గర రాజయ్య ఆగాడు.

"బిడ్డా. లోపల ఏం జూసినా నా మీదనే పెట్టుకో."

ఆమెకు అర్థం కాలేదు.

హెడ్డు కానిస్టేబులు వచ్చేసరికి పన్నెండు దాటింది. పెద్ద వయసు మనిషి. టేబులు మీద ఇడ్లీ పొట్లం విప్పుకుని తింటున్నాడు. వీళ్లను కూర్చోమన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి ఫైలు వెతికాడు.

"నీ మీద ఒక్క కేసు లేదమ్మా. నీ సైడు క్లీను. మీ ఇంట్లోళ్లే నువ్వు లేవన్నరు. మా కానిస్టేబులు ఏం జేస్తడు? ఉన్నది ఉన్నట్టు రాసుకొచ్చిండు."

"మా మామ పోలీసంటే భయపడ్డడు సార్. పెద్దమనిషి. తెల్వక అన్నడు."

"ఒక్క పెద్దాయన అంటే అనుకుందుము. చెవుడో, మతిమరుపో. ఇద్దరు జెప్పిండ్రు గదా."

"ఇద్దరెవరు?"

హెడ్డు కాగితం ఆమె వైపు తిప్పాడు.

పైన రాజయ్య సంతకం. వంకర టింకర అక్షరాలు. దాని కింద ఇంకో సంతకం ఉంది. ఆ సంతకాన్ని జ్యోతి ప్రతి వాయిదాకు కోర్టు కాగితాల మీద చూస్తూనే ఉంది. పక్కన 'భర్త' అని రాసి ఉంది.

"'నాలుగు నెలల కింద ఇల్లు విడిచి పోయింది, ఎక్కడ ఉన్నదో మాకు తెల్వదు,'" హెడ్డు చదివాడు. "ఇది జెప్పింది ఈ పెద్దాయన కాదు. నీ మొగుడు."

జ్యోతి మామ వైపు చూసింది. రాజయ్య టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేల చూస్తున్నాడు.

"ఇది మార్చాల్నంటే ఎట్ల సార్?" అడిగింది.

"ఆ మాట జెప్పినాయన వచ్చి తప్పు జెప్పిన అని రాసియ్యాలె. రాసిస్తే నేను పైకి పంపాలె. జర ఆలోచన చేసుకో. నీ మొగుడు బెయిలు మీద ఉన్నడు. పోలీసుకు అబద్ధం జెప్పిండని కాగితం పోతే రేపు వాయిదాల ఆ దిక్కు వకీలు ఊకుంటడా? బెయిలు ఉంటదో పోతదో నేను జెప్పలేను."

ఫ్యాను తిరుగుతోంది. జ్యోతి కాగితం మీద నుంచి కన్ను తీయలేదు.

హెడ్డు గొంతు తగ్గించాడు. "ఇంకో తొవ్వ ఉన్నది. నువ్వు వేరే ఇంట్ల ఉంటున్నవనుకో. ఆ ఇంటి కిరాయి కాగితం తెచ్చియ్యి. మనిషిని పంపి చూపిస్త. నువ్వు నీ బట్టలు సామానుతోటి అక్కడ ఉంటే ఉన్నట్టు రాస్తం. అప్పుడు ఈ కాగితంతోని నీకు పని లేదు. ఎవ్వల మీదికీ ఏం రాదు."

"ఇయ్యాల్నే?"

"నాలుగింటి దాక ఇక్కడనే ఉంట. తర్వాత బందోబస్తుకు పోవాలె."

బయటికి వచ్చి ఇద్దరూ గోడ పక్కన నిలబడ్డారు. టీ బండి దగ్గర జనం ఉన్నారు. జ్యోతి అడిగింది.

"నువ్వు ఏమీ అనలేదా మామా ఆనాడు?"

"తలుపు తీసిన. ఉంటది అందామనే నోరు తెరిచిన. వాడు లేచి వచ్చిండు."

"లేచి వచ్చిండా?"

"ఏడాది సంది లేవనోడు లేచి వాకిట్లకు వచ్చిండు. పోలీసాయన ముంగట నిలబడ్డడు. చెయ్యి వణకలే. గొంతు వణకలే. సార్ అని మాట్లాడిండు. నాకు..." రాజయ్య ఆగాడు. "నాకు సంబురమైంది బిడ్డా. కొడుకు నిలబడ్డడని. వాడు ఏమంటున్నడో గూడ సరిగ ఇనలే. సంతకం పెట్టుమన్నరు. పెట్టిన. వాళ్లు పోయినంక సమజైంది."

"సమజైనంక నాకెందుకు జెప్పలే?"

"ఎట్ల జెప్పాలె?"

ఇద్దరూ రోడ్డు దాటారు.

జ్యోతి భాగ్యమ్మకు ఫోను చేసింది. భాగ్యమ్మ కూడా అదే బ్యాచి. మొగుడు లేడు. మెయిన్ రోడ్డుకు అవతల గల్లీలో ఒంటి గదిలో ఉంటుంది.

"రావే," అంది భాగ్యమ్మ. "ఓనరు మంచోడే. ఇద్దరి పేరు మీద కాగితం రాయిస్త. మూడున్నరకల్ల చేతుల పెడ్త. నువ్వు నీ బట్టలు తెచ్చుకో. చాప నా దగ్గర ఉన్నది."

*

ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. కనకమ్మ పని మీద నుంచి వచ్చి ఎదురు చూస్తోంది.

"అయ్యిందా? మార్చిండ్రా?"

జ్యోతి ఇనుప పెట్టె తెరిచింది. చీరలు మూడు, డ్రెస్సులు రెండు తీసి సంచిలో పెట్టింది. లైసెన్సు, ఆధారు, సెంటరు వాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్టు పైన పెట్టింది. పెడుతూనే జరిగింది చెప్పింది. సంతకం సంగతి కూడా చెప్పింది.

కనకమ్మ కొడుకు వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. ఎవరిని తిట్టాలో తోచలేదు. చివరికి కోడలి సంచి పట్టుకుంది.

"పనికి పొమ్మన్న గని ఇల్లు విడిచి పొమ్మన్ననా?"

"కొన్ని దినాలే అత్తా. రిపోర్టు రానియ్యి. ఉద్యోగం నిలవడనియ్యి."

"పోయినోళ్లు మళ్ల వస్తరా? నాకు జెప్పకు. పక్కింట్ల జూసిన, ఎన్క ఇంట్ల జూసిన. చేతికి జీతం రాంగనే ఎవ్వరు వచ్చిండ్రు?"

"నిన్నటిదాక నువ్వే గదా నా దిక్కు మాట్లాడినవ్."

"నిన్న నువ్వు ఈ ఇంట్ల ఉన్నవ్!"

సంచి పట్టు మాత్రం వదల్లేదు. జ్యోతి కూడా వదల్లేదు. ఇద్దరి మధ్య అది అట్లాగే ఉంది.

అప్పుడు శ్రీను లేచి కూర్చున్నాడు.

గడ్డం పెరిగి ఉంది. వెలుతురుకు కళ్లు చిన్నవి చేసుకున్నాడు.

"నేను ఎప్పుడు పోయిన ఇల్లు విడిచి?" అడిగింది జ్యోతి. "నాలుగు నెలల కింద పోయిన్నా? ఆనాడు పొద్దుగాల నీకు చాయ పెట్టింది ఎవరు?"

"పోలే," అన్నాడు శ్రీను. చాలా రోజులుగా వాడని గొంతు. "పోతవ్."

"అట్లని ఎవరన్నరు?"

"ఎవరు అనాలె? నా లైసెన్సు కోర్టుల ఉన్నది. నీది నీ చేతుల ఉన్నది. నువ్వు నీలం అంగీ ఏస్కొని తాళంచెవి పట్టుకొని పోతుంటవ్. నేను గోడ దిక్కు చూస్తుంట. ఒకనాడు పొద్దుమీకి రావు. రిపోర్టు రాకుంటే పోకుండ ఉంటవనుకున్న."

"నువ్వు జెప్పినందుకే పోతున్న ఇప్పుడు."

శ్రీను తల దించుకున్నాడు. కొంకి మీద నుంచి చొక్కా తీసుకున్నాడు. తొడుక్కున్నాడు. రెండు గుండీలు తప్పు కాజాల్లో పెట్టాడు.

"ఏడికిరా?" అంది కనకమ్మ.

"స్టేషనుకు. అబద్ధం జెప్పిన అని రాసిస్త. ఆమె ఈడనే ఉంటది అని రాసిస్త."

"బెయిలు పోతదిరా!"

"పోనీ."

కనకమ్మ సంచి వదిలేసి కొడుకు చెయ్యి పట్టుకుంది. రాజయ్య గోడ పక్క నుంచి కదలలేదు. కొడుకు మొహం వైపే చూస్తున్నాడు.

జ్యోతి శ్రీను ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒక్కటి జెప్పు. నాకు పని దొరకాల్నని పోతున్నవా, నేను ఈ ఇంట్ల ఉండాల్నని పోతున్నవా?"

శ్రీను ఆఖరి గుండీ పెట్టుకున్నాడు.

"రెండు ఒకటే గదా," అన్నాడు.

"కాదు," అంది జ్యోతి.

శ్రీను తల్లి చెయ్యి విడిపించుకున్నాడు. చెప్పులు వెతికాడు. దొరకలేదు. తండ్రి చెప్పులు వేసుకుని గడప దాటాడు. వాకిట్లో కూర్చున్న అంజమ్మ అతన్ని చూసి లేచి నిలబడింది. అతను ఎవరినీ చూడలేదు. మెయిన్ రోడ్డు వైపు నడిచాడు. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా.

జ్యోతి సంచి భుజానికి వేసుకుని బయటికి వచ్చింది. ఫోనులో టైము చూసింది. మూడు కావడానికి పది నిమిషాలు. భాగ్యమ్మ గదికి పోవాలి. కిరాయి కాగితం తీసుకోవాలి. నాలుగు లోపల స్టేషను చేరాలి.

అప్పుడు ఆమెకు తట్టింది.

శ్రీను పోయి జ్యోతి ఈ ఇంట్లోనే ఉంటుందని రాసిస్తే, తను పట్టుకుపోయే కిరాయి కాగితం అబద్ధమవుతుంది. అబద్ధం కాగితం తెచ్చిందని తన పేరు మీద కూడా మచ్చ పడుతుంది. అతను లోపలికి పోతాడు. తన ఉద్యోగమూ పోతుంది. రెండు కాగితాలు ఒకే టేబులు మీదికి పోకూడదు. ఇద్దరిలో ఒక్కరే పోవాలి.

పిలిస్తే శ్రీను ఆగుతాడు. అది ఆమెకు తెలుసు. ఏడాది తర్వాత తన కాళ్ల మీద నడుస్తున్న మనిషి. ఇప్పుడు వెనక్కి పిలిస్తే మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటాడు. అదీ తెలుసు. అతన్నే పోనిస్తే తను సంచి దించి ఈ గదిలో ఉండాలి. అతను ఎప్పుడు వస్తాడో తెలియకుండా ఉండాలి.

వెనక నుంచి అడుగుల చప్పుడు. రాజయ్య ఉత్త కాళ్లతో వచ్చి పక్కన నిలబడ్డాడు. డ్రెస్సు మీదే ఉన్నాడు. పన్నెండేళ్లుగా గేటు దగ్గర వచ్చేవాళ్లను, పోయేవాళ్లను ఆపడమే అతని పని.

"జల్ది జెప్పు బిడ్డా," అన్నాడు. "ఎవర్ని ఆపమంటవ్? వాన్నా, నిన్నా?"

జ్యోతి రోడ్డు వైపు చూసింది.

గల్లీ చివర శ్రీను మలుపు తిరిగాడు.